రెండు గీతలూ, నా నిక్కరూ

శ్రీలంక వెళ్ళొచ్చానని తెలియగానే మా హన్మకొండ సుబేదారిలో అందరూ ముందు సముద్రం గురించే అడుగుతున్నారు. సముద్రం దగ్గర నేను నిలబడింది కొద్దిసేపే. చాలాసేపు నిలబడింది ఒక బడి గేటు బయట, అదీ మోకాళ్ళు కనిపించే పూల నిక్కరులో. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మీరు వెళ్ళేటప్పుడు కనీసం ప్యాంటు వేసుకుని వెళ్తారు.

ముందు నా గురించి రెండు ముక్కలు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలు నన్ను చాటుగా "గీతల సారు" అనేవాళ్ళు. ఏటా ఒక రోజు బోర్డు మీద రెండు గీతలు గీసేవాణ్ణి. ఒకటి మన దేశానిది, ఒకటి శ్రీలంకది. దేశం సంపాదించే ప్రతి వంద రూపాయల్లో సర్కారు చదువు మీద ఎంత పెడుతోంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎలా మారింది అన్నదే ఆ గీతల కథ. శ్రీలంక గీతను చాక్‌పీసు అరిగేలా పైన దిద్ది, మనదాన్ని కింద బక్కగా గీసి, "చూసిండ్రా, సదువు మీద పెడితే గట్లుంటది, పెట్టకుంటే గిట్లుంటది" అని బల్ల గుద్దేవాణ్ణి. వాళ్ళు స్వాతంత్ర్యం రాకముందే బడి నుంచి యూనివర్సిటీ దాకా ఫీజు లేకుండా చేసుకున్నారని చెప్పేటప్పుడు నా గొంతు వణికేది కూడా. నేను మాత్రం ఎన్నడూ ఆ దేశం గడప తొక్కలేదు.

మా ఆవిడ పద్మ నాలాగా గీతల మనిషి కాదు, బడి నడిపే మనిషి. నర్సంపేట రోడ్డు మీద ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు. ఆ బడిలో పిల్లలు ఏటికేడు తగ్గి, ఇప్పుడు అందరూ ఒకే ఆటోలో పట్టేటంత మంది మిగిలారు. జూన్‌లో కొత్తవాళ్ళు చేరకపోతే ఉన్నవాళ్ళను పక్క ఊరి బడికి పంపి, దీనికి తాళం వేస్తామని పైనుంచి మాట వచ్చింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ పద్మకు నిద్ర లేదు.

నేను రిటైరైన సంబరంలో ఫారిన్ తీసుకెళ్తానని ఎప్పుడో మాటిచ్చాను. ఎండాకాలం సెలవుల్లో ఆమె దాన్ని పట్టుకుంది.

"సముద్రాలద్దు, బుద్ధుని గుళ్ళద్దు. ముప్పై ఏండ్ల సంది లంకల బడి గట్లుంటది, గిట్లుంటదని చెప్పబడితిరి. గా బడి ఒక్కటి చూపియ్యుండ్రి. ఏం జేస్తాండ్లో చూసొచ్చి నా బడిని నేను నిలబెట్టుకుంట" అంది.

డోర్నకల్‌ దాటకముందే

వరంగల్‌లో చెన్నై బండి ఎక్కాం. పద్మ సర్వపిండి, మామిడికాయ తొక్కు కట్టుకొచ్చింది. నేను అక్కడి వాళ్ళ ముందు గొప్పగా మాట్లాడాలి కదా అని ఫోన్ తీసి కొత్త లెక్కలు వెతకడం మొదలుపెట్టాను.

వెతక్కుండా ఉంటే బాగుండేది. శ్రీలంక గీత ఎప్పటినుంచో కిందికి దిగుతూ వచ్చింది. మనది దగ్గుకుంటూ, ఆగుకుంటూ పైకి ఎక్కింది. ఎక్కడో ఒకచోట రెండూ ఒకదాన్నొకటి దాటేసి, ఇప్పుడు మనదే పైన ఉంది. నేను ఆ సంగతి గమనించకుండా పాత పుస్తకంలోని బొమ్మనే ఏటా చాక్‌పీసుతో దిద్దుతూ వచ్చాను. వంద రూపాయల్లో మన సర్కారు పెట్టేదే ఎక్కువ. అయినా అక్కడ చదవడం రాని మనిషిని వెతికి పట్టుకోవాలి, ఇక్కడ పద్మ బడికి తాళం వేస్తామంటున్నారు.

డోర్నకల్‌లో బండి ఆగింది. పక్కసీటు ఆయన దిగి చాయ్ తెచ్చుకున్నాడు. నాకు చాయ్ మీద కూడా మనసు పోలేదు.

"మొకం గట్ల వెట్టిండ్రేంది? బీపీ గోలి మర్సిండ్రా?" అంది పద్మ.

"ఏం లే. సిగ్నల్ వస్తలేదు" అన్నాను.

నేను ఏ గుడికైతే మొక్కు తీర్చడానికి బయలుదేరానో అందులో దేవుడు లేడని మూడో స్టేషన్లోనే తెలిసిపోయింది. టికెట్లకు డబ్బులు కట్టేశాను కాబట్టి వెనక్కి తిరిగే దారి లేదు. పైగా ఆ మాట పద్మకు చెప్పే ధైర్యమూ లేదు. సర్వపిండి నమలుతూ కిటికీలోంచి ఖమ్మం వైపు పొలాలు చూస్తూ కూర్చున్నాను.

కొలంబోలో వంద రూపాయల చాయ్

కొలంబోలో దిగగానే చాయ్ తాగాం. ఇద్దరికీ కలిపి రెండు వందలన్నాడు. నేను గుండె పట్టుకుని వాదనకు దిగాను. నా ఇంగ్లీషు వేగానికి ఆ కుర్రాడు భయపడి యజమానిని పిలిచాడు. ఆయన వచ్చి, మా రూపాయికి వాళ్ళవి మూడు పైచిలుకు వస్తాయని ఓపిగ్గా చెప్పాడు. ముప్పై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పిన మనిషికి మారకం విలువ గురించి హోటలాయన పాఠం చెబుతుంటే, పద్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

అవి వాళ్ళ వెసాక్ పండుగ, అంటే మన బుద్ధ పూర్ణిమ రోజులు. వీధి నిండా కాగితపు లాంతర్లు. దారి పక్కన షామియానాలు వేసి, పోయేవాళ్ళను ఆపి మరీ అన్నం పెడుతున్నారు. కులం అడగరు, ఊరు అడగరు. ఒకచోట ఐస్‌క్రీమ్ కూడా పంచుతున్నారు. నేను ఒకసారి తిని, టోపీ తీసేసి మళ్ళీ లైన్లో నిలబడ్డాను. పంచే అమ్మాయి గుర్తుపట్టి నవ్వి, ఈసారి రెండు ముద్దలు వేసింది.

అంతవరకూ బాగానే ఉంది. బస్సెక్కి కిటికీలోంచి చూద్దును కదా, గోడల నిండా మొహాలు. మీసాల మొహాలు, కళ్ళద్దాల మొహాలు, టై కట్టిన మొహాలు. ఎన్నికలొచ్చాయా అని పక్కనున్నాయన్ను అడిగాను. "కాదు, వీళ్ళు ట్యూషన్ మాస్టర్లు. ఈయన ఫిజిక్స్, ఆయన కెమిస్ట్రీ" అన్నాడు.

పద్మ ఆ గోడలను కాసేపు చూసింది. "గిదేంది, విమానమెక్కి మళ్ళ హన్మకొండ చౌరస్తల్నే దిగినట్టున్నం" అంది.

నా శ్రీలంక రోజు రోజుకూ బక్కచిక్కిపోతోంది.

క్యాండీ: కుసుమ టీచర్ వంటింట్లో

క్యాండీలో మేం దిగింది కుసుమ టీచర్ అనే ఆవిడ ఇంట్లో. రిటైరై, ఇంటి మేడ మీద రెండు గదులు యాత్రికులకు అద్దెకిస్తోంది. పద్మా ఆవిడా ఐదు నిమిషాల్లో ఒకటైపోయారు. ఇద్దరిదీ బడి ఇంగ్లీషే కాబట్టి ఒకరిది ఒకరికి చక్కగా అర్థమవుతోంది. నా ఇంగ్లీషు మాత్రం ఇద్దరికీ అర్థం కాలేదు.

పొద్దున పలహారం పెట్టింది. కొబ్బరిపాలతో వండిన అన్నాన్ని పళ్ళెంలో పరిచి, మన మైసూర్‌పాక్ ముక్కల్లా కోసింది. పక్కన ఎర్రగా ఏదో నూరిన పచ్చడి. "కారం జాస్తి, కొంచెం కొంచెం తినండి" అంది.

"అమ్మా, మాది వరంగల్. మా ఊరి మిర్చి మార్కెట్‌లో నడిచిపోతేనే మీవాళ్ళు తుమ్ముతారు" అని, చెంచాడు ఎత్తి నోట్లో వేసుకున్నాను. ఆ తర్వాత కాసేపు ఏమైందో నాకు సరిగా గుర్తు లేదు. పద్మ నా నెత్తి మీద తట్టడం, కుసుమ టీచర్ కొబ్బరిపాలు తాగించడం లీలగా జ్ఞాపకం. వరంగల్ పరువు క్యాండీలో తీసినందుకు మా మార్కెట్ వాళ్ళు నన్ను క్షమించాలి.

కళ్ళు తుడుచుకున్నాక నా పాత మాట ఎత్తాను. "మీ ప్రభుత్వం చదువు మీద బాగా ఖర్చు పెడుతుంది కదా" అన్నాను, వినయంగా.

"ఎక్కడ పెడుతోందండీ? మా అమ్మ కాలంలో పెట్టారు. తర్వాత ఏటేటా తగ్గించుకుంటూ వచ్చారు. మొన్న ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు పరీక్షలకు కాగితం కూడా కరువైంది. మాకంటే మీ దేశమే ఎక్కువ పెడుతోందని విన్నానే?" అంది.

పద్మ నా వైపు తిరిగింది. నేను కొబ్బరిపాల గ్లాసులోకి చూశాను.

"మీకు ఎరికేనా?" అని తెలుగులో అడిగింది.

"డోర్నకల్‌ల తెలిసింది."

"అంటే పోరగాండ్లకు తప్పు గీత చెప్పుకుంట వచ్చిండ్రా?"

"శురూల కరెక్టే ఉండె. నడుమ ఎప్పుడో మారింది. నేనే చూస్కోలే."

పద్మ నవ్వింది. కోప్పడితే బాగుండేది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, కుసుమ టీచర్‌కు మొత్తం విషయం ఇంగ్లీషులో చెప్పేసింది. ఇద్దరు టీచర్లు కలిసి ఒక లెక్చరర్ని చూసి నవ్వడం ఎలా ఉంటుందో ఆ పొద్దున తెలిసింది.

నవ్వు ఆగాక పద్మే అడిగింది. "మరి తక్కువ పెట్టినా మీ బడులు ఎలా నిండుగా ఉన్నాయి?"

కుసుమ టీచర్ పళ్ళేలు తీస్తూ చెప్పింది. "మా ఊళ్ళో ఇంకో బడి లేదు. డాక్టరు కొడుకూ, కూలి కూతురూ, నా పిల్లలూ అక్కడే కూర్చున్నారు. కుళాయి చెడిపోతే డాక్టరు గారి భార్య వచ్చి గొడవ చేసేది. గోడలకు సున్నం మేమే వేసుకునేవాళ్ళం. ఎవరి పిల్లల బడిని వాళ్ళు పాడుపెట్టుకుంటారా? అలాగని మా పిల్లలు హాయిగా ఉన్నారనుకోకండి. బడి అయ్యాక అందరూ ట్యూషన్‌కే పరుగు."

పద్మ మొహం వాడిపోయింది. ఎందుకో నాకు తెలుసు. మా కూతురు స్వాతిది కూడా హన్మకొండే. దాని కూతురు అక్షర ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి. పేరున్న ప్రైవేటు స్కూల్లో సీటు కోసం తెల్లారకముందే పోయి లైన్లో నిలబడి అడ్వాన్సు కట్టి వచ్చింది ఎవరనుకున్నారు? రెండు గీతల సారే.

గేటు బయట

మర్నాడు తాను పనిచేసిన బడి చూపిస్తానంది కుసుమ టీచర్. బాగా ఉక్కగా ఉంది. మా అల్లుడు కొనిచ్చిన పూల నిక్కరు అప్పటిదాకా సూట్‌కేసులోనే ఉండిపోయింది. "ఫారిన్‌ల అందరు గిదే ఏస్తరు మామా" అని ఇచ్చాడు పాపం. వాడి మాట తీసేయడం ఎందుకని వేసుకున్నాను. పద్మ వరంగల్ కాశిబుగ్గలో వాళ్ళ తమ్ముడి మగ్గం మీద దిగిన నేత చీర కట్టింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గా నిక్కరు మీదనే వస్తరా?"

"టూరిస్టులం గదా. ఎవ్వలేమంటరు?" అన్నాను.

గేటు దగ్గర కాపలా ఆయన పద్మను చూడగానే లేచి నిలబడి చేతులు జోడించాడు. పైనుంచి వచ్చిన అధికారి అనుకున్నట్టున్నాడు. తర్వాత నన్ను చూశాడు, నా మోకాళ్ళను చూశాడు. బడిలోకి నిక్కరుతో పిల్లలు మాత్రమే రావచ్చని కుసుమ టీచర్‌తో సింహళంలో చెప్పాడట. ఆవిడ నాకు అది ఇంగ్లీషులో చెప్పడానికి చాలా మొహమాటపడింది. అక్కడ పిల్లల తల్లులు కూడా చీర కట్టుకుని వస్తేనే మర్యాదట. ముప్పై ఏళ్ళుగా ఏ బడి గొప్పలు చెప్పానో ఆ బడి గేటు ముందు నేను ఆగిపోయాను. పద్మ వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.

బయట చెట్టు నీడన తల్లులు అన్నం పొట్లాలు పట్టుకుని కూర్చున్నారు. బడి వదలగానే పిల్లలకు తినిపించి అట్నుంచి అటే ట్యూషన్‌కు తీసుకెళ్ళాలట. ఐదో తరగతి పిల్లలకు స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, దానికోసం. మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అబ్బాయి నిమల్ కూడా అక్కడే ఆగాడు. వాడి కూతురు ఆ బడిలోనే ఐదో తరగతి. దుబాయ్‌లో మన తెలంగాణవాళ్ళతో పనిచేశాడట, హిందీ బాగా వచ్చు. "అన్నా, బాగున్నవా" అని తెలుగులో కూడా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పోయిన పరువు కొంచెమైనా రాబట్టుకుందామని నిమల్‌కు ఉపన్యాసం మొదలుపెట్టాను. చదువు సర్కారుదే అయి ఉండాలి, ప్రైవేటు అంటే వ్యాపారం, పిల్లలందరూ ఒకే బెంచి మీద కూర్చోవాలి. నిన్న కుసుమ టీచర్ చెప్పిందంతా నా సొంత మాటల్లా చెప్పాను. నిమల్ శ్రద్ధగా విన్నాడు. విని, చాలా మామూలుగా అడిగాడు.

"ఆప్‌కే పోతా-పోతీ కౌన్సే స్కూల్ మే హై, సాబ్?" మీ మనవలు ఏ బడిలో అని.

ఒక్క క్షణం. నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "సర్కారీ."

నిమల్ మొహం వెలిగిపోయింది. తల్లుల వైపు తిరిగి సింహళంలో ఏదో గట్టిగా చెప్పాడు. అందరూ నా వైపు గౌరవంగా చూశారు. ఒకావిడ పక్కకు జరిగి బెంచి మీద చోటిచ్చింది. ఇంకొకావిడ అరటిపండు ఇచ్చింది. నిక్కరు వేసుకున్నా మనిషి మంచివాడే అనుకుని ఉంటారు. పండు తిన్నాను.

అప్పుడే గేటు తెరుచుకుంది. పద్మ, కుసుమ టీచర్ వస్తున్నారు. కుసుమ టీచర్ కళ్ళు తడిగా ఉన్నాయి.

"పద్మ టీచర్ అంతా చెప్పింది" అని నాతో ఇంగ్లీషులో అనేసి, నిమల్‌కు సింహళంలో చెప్పడం మొదలుపెట్టింది. నాకు భాష రాదు. కానీ "ఇండియా" అన్న మాట, "ప్రైవేట్" అన్న మాట, చేత్తో పసిపిల్ల ఎత్తు చూపించడం అర్థం కావడానికి భాష అక్కర్లేదు. మా బడి మూతపడబోతోందనీ, సొంత మనవరాలినే మేం అక్కడ చేర్చలేదనీ, ఊరివాళ్ళను ఏ మొహంతో అడగాలో తెలియడం లేదనీ పద్మ లోపల చెప్పుకుని ఏడ్చిందట.

తల్లులు చూపులు దించుకున్నారు. నిమల్ నా వైపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. వాడు ఆటో స్టార్ట్ చేస్తూ, మెల్లగా, "కోయీ బాత్ నహీ, సాబ్" అన్నాడు.

పర్వాలేదట. ఆ మిరప పచ్చడి కూడా అంత మండలేదు. ఇంటి మెట్ల దగ్గర పద్మ ఒక్కటే అడిగింది.

"వాళ్ళకేం చెప్పిండ్రు?"

చెప్పాను. సిగ్గేసింది. ఆమె మేడ ఎక్కింది.

మళ్ళీ మన గడపల్లో

తిరిగొచ్చిన వారానికి బడిబాట మొదలైంది. టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పంపండని అడుక్కునే రోజులు. పద్మతో పాటు నేనూ వెళ్ళాను. ఇంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు, ఎండ అని సాకు చెప్పేవాణ్ణి. ఈసారి సాకు చెప్పడానికి నోరు రాలేదు.

అందరూ చాయ్ ఇచ్చారు, మంచం వాల్చారు, పిల్లలను మాత్రం ఇస్తామనలేదు. చివరికి సంపత్ అనే ఆటో డ్రైవర్ ఇంటికి చేరాం. వాడి కొడుకు ఒకటో తరగతికి వచ్చాడు. ప్రైవేటు బడి వ్యాన్ వాడలోకే వస్తుంది. ఊళ్ళో పదిమంది వాడి మాట వింటారు. వాడు పంపితే మిగతావాళ్ళు కూడా పంపుతారని పద్మ ఆశ.

ఆమె చెప్పాల్సిందంతా చెప్పింది. ఇంగ్లీషు మీడియం, అన్నం, పుస్తకాలు, బట్టలు. సంపత్ తల గోక్కున్నాడు.

"అంత మంచిగనే ఉన్నది మేడమ్. మీరు మంచిగ చెప్తరని ఊరంత ఎరుకే. ఒక్కటడుగుత, ఏమనుకోకుండ్రి. మీ మనుమరాలు ఏ బడిల సదువుతాంది?"

పద్మ తల వంచుకుంది. అక్షర నర్సరీలో చేరినప్పటినుంచీ ఆ ప్రశ్న ఆమెకు ఏటా ఎదురయ్యేదే. ఏటా నిజం చెప్పి, ఏటా ఉత్త చేతుల్తో వచ్చేది. ఈసారి ఆమె నోరు తెరిచేలోగా నా గొంతు నాకే వినిపించింది.

"గిదే బడిల" అన్నాను.

సంపత్ నన్ను తేరిపార చూశాడు. "నిజమేనా సార్? అయితె సోమవారం బడి తెరుస్తరు గదా, నేనే వచ్చి చూస్త. మీ పాప బెంచి మీదుంటె మా పోరడు పక్కన కూసుంటడు. లేకుంటె వ్యాన్ ఎక్కుతడు. గంతే."

వీధి మలుపు తిరిగాక పద్మ ఆగింది. "మళ్ళ అబద్ధమేనా?"

"సోమవారం దాకనే" అన్నాను.

ఆ సాయంత్రం స్వాతితో మాట్లాడటం శ్రీలంక వెళ్ళడం కంటే కష్టమైంది. అది నా కూతురే కాదు, నా క్లాసులో ముందు బెంచిలో కూర్చుని ఆ రెండు గీతలూ నోట్సులో దించుకున్న పిల్ల. "నాకు గప్పుడు చెప్పిన మాటలు నీకిప్పుడు యాదికొచ్చినయా నాన్నా?" అని అడిగింది. అడ్వాన్సు పోతుందంది. దోస్తులు ఏమంటారంది. పద్మ ఒక్క మాటే అంది: "నా బడి బతకనీకి కాదు బిడ్డా. నేను ముప్పై ఏండ్ల సంది మంది పిల్లలకు చెప్తాన్న. ఒక్క యాడాది నా మనుమరాలికి చెప్పుకోనీ." స్వాతి చాలాసేపు ఏడ్చి, "ఒక్క యాడాదే. అది ఏడ్చిందంటే తెల్లారే తీస్కొస్త" అంది.

సోమవారం అమ్మమ్మ స్కూటీ ముందు నిలబడి అక్షర బడికి వెళ్ళింది. నేను బస్సులో వెనక వెళ్ళాను. గోడలకు సున్నం వేద్దామని పాత బట్టలు వెతికితే ఆ పూల నిక్కరే దొరికింది, అదే వేసుకున్నాను. గేటు దగ్గర పద్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నిక్కరు మీద లోపటికి రానియ్య. పోరగాండ్లు ఇంటికి పొయ్యేదాక బయటనే ఉండుండ్రి."

బయట నిలబడ్డాను. కాసేపటికి కొడుకు చెయ్యి పట్టుకుని సంపత్ వచ్చాడు. నన్ను, నా నిక్కరును చూశాడు. గేటు సందులోంచి లోపలికి చూసి, బెంచి మీద కొత్త మొహం కనబడగానే పిల్లాడి చెయ్యి వదిలాడు. వాడు వెళ్ళి బెంచి చివర కూర్చున్నాడు. బడి ఉంటుందో మూస్తారో ఇంకా తెలియదు. వాడవాళ్ళు ఎంతమంది సంపత్ వెనక వస్తారో కూడా తెలియదు. మేమిద్దరం మాత్రం గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాం.

లోపల ఒక్కసారిగా లొల్లి లేచింది. సంపత్ మెడ సాచి చూసి నా వైపు తిరిగాడు.

"సార్, గా లాల్ రిబ్బన్ పోరి మా వోని బలపం గుంజుకున్నది. ఎవ్వల పిల్ల?"

"మా పిల్లే" అన్నాను.